భీమవరం డాక్టరు, కొల్లేటి నీళ్ళు

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మని చూసి కైకలూరు రోడ్డెక్కితే, ఆకివీడు, ఉండి దాటాక భీమవరం వస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న పుట్టింది ఆ భీమవరంలోనే. ఎంపీసీ చదివొచ్చిన మనలాంటి వాళ్ళకి ఆయన ఒక జీకే బిట్, అంతే. నేను మాత్రం ఆయన జీవితం చదువుతుంటే మధ్యమధ్యలో కొల్లేరు గుర్తొస్తూనే ఉంది. ఆయన కొల్లేటి మీద పరిశోధన చేసినవారు కాదు. అయినా ఆ సరస్సుకి ఇప్పుడు పట్టిన జబ్బేంటో తెలుసుకోవాలంటే కావలసిన ముక్కలు చాలావరకు ఆయన పనిలోనే దొరుకుతాయి.

తండ్రి జగన్నాథం గారిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లలు, ఇంట్లో ఎప్పుడూ డబ్బుకి కటకటే. కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మితే బాగా సంపాదించొచ్చని లెక్కేసుకుని, పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు గారు ఇంట్లోంచి పారిపోయారు. (మన హాస్టల్లో పుట్టే స్టార్టప్ ఐడియాల కన్నా ఇదే నయం.) అమ్మ వెనక్కి తెప్పించి మళ్ళీ బడికి పంపింది. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. సప్లీల గురించి బెంగ పెట్టుకున్నవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోండి.

మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీ గారి పిలుపు విని ఖాదీ కట్టడం మొదలుపెట్టారు. ఆపరేషన్ గదిలోకి కూడా ఖాదీ గౌనుతోనే వెళ్ళేసరికి సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ చేతికి రాలేదు, దానికన్నా తక్కువ స్థాయిదైన ఎల్ఎంఎస్ ఇచ్చారు. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ములు పోయారు. అదే జబ్బు తనకీ వస్తే, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద మందుతో బతికారు. కొన్నాళ్ళు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పారు. 1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. 1922లో మామగారి సాయంతో బోస్టన్ వెళ్ళారు. మళ్ళీ రాలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, భార్య ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఆయన గొప్పతనం గురించి రాసేవాళ్ళు ఈ విషయాన్ని ఒక్క లైన్లో దాటేస్తారు. నేనూ అదే చేస్తున్నాను గానీ, ఆ లైను బరువైనదని మాత్రం చెప్పాలి.

హార్వర్డ్‌లో చదువుకుంటూ, రాత్రుళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. తర్వాత సైరస్ ఫిస్క్ గారి లాబ్‌లో చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలవడం అప్పట్లో పెద్ద తలనొప్పి. వీళ్ళిద్దరూ కలిసి తయారుచేసిన పద్ధతి 1925లో అచ్చయింది. నమూనాలో ఆమ్లం, మాలిబ్డేట్ కలిపి, దానికి ఇంకో రసాయనం చేర్చితే నీలం రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటే ఇదే. చెరువు నీళ్ళలో ఫాస్ఫేట్ కొలిచే ఇప్పటి టెస్టుల్లో కలిపే రసాయనాలు కొన్ని మారాయి. కానీ వాటిలో చాలావాటికి ఆధారం ఈ మాలిబ్డినం నీలమే.

కొల్లేటికి భాస్వరంతో ఏం పని అంటారా? కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది కొల్లేరు. బుడమేరు విజయవాడ మీంచి, తమ్మిలేరు ఏలూరు మీంచి వచ్చి దాంట్లో కలుస్తాయి. ఊళ్ళ మురుగు, పొలాల్లో మిగిలిపోయిన ఎరువు, చేపల చెరువుల్లోంచి బయటికి తోడేసిన నీళ్ళు అన్నీ అక్కడికే చేరతాయి. సముద్రంలోకి పోవడానికి ఉన్న దారి ఒక్కటే, ఉప్పుటేరు. ఇలా వచ్చిన భాస్వరాన్ని తిని నాచు, గుర్రపు డెక్క విపరీతంగా పెరుగుతాయి. అవి చచ్చి కుళ్ళేటప్పుడు బ్యాక్టీరియా నీళ్ళలోని ఆక్సిజన్ వాడేసుకుంటుంది. రాత్రంతా ఎండ లేదు కాబట్టి కొత్త ఆక్సిజన్ తయారవదు. అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. చెరువు రైతులు ఏరేటర్లు తిప్పుకుంటారు. సరస్సులో తిరిగే జెల్లకి ఏరేటర్ ఎవరు పెడతారు?

సుబ్బారావు గారు భాస్వరం వెంటే నడిచారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నారు. మూడు ఫాస్ఫేట్లు తోకలా ఉన్న ఈ అణువు నాచులో, నాచుని తినే చిన్న చేపలో, దాన్ని మింగే పెలికాన్‌లో, పులుసు తినే మనలో, అందరిలోనూ శక్తిని మోసేది. ఫుడ్ చెయిన్‌లో ఒక మెట్టు నుంచి పై మెట్టుకి చేరే శక్తి సుమారు పదో వంతే. చాలావరకు వేడిగా పోతుంది. భాస్వరం అలా పోదు. చేప చచ్చినా, పక్షి రెట్ట వేసినా మళ్ళీ నీళ్ళలోకో అడుగు బురదలోకో చేరుతుంది. మా బ్రాంచి భాషలో చెప్పాలంటే మెమరీ లీక్: ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది, ఒకరోజు హ్యాంగ్ అయ్యేదాకా.

కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్లని 1999లో అభయారణ్యం చేశారు. 2002లో రామ్సార్ జాబితాలోకి ఎక్కింది. 2006లో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు పెద్ద ఎత్తున కొట్టేశారు. తర్వాత చాలా చోట్ల మళ్ళీ లేచాయి. లంక గ్రామాల వాళ్ళ బతుకుతెరువు అందులో ఉంది కాబట్టి ఆ గొడవ తేలిగ్గా తీరేది కాదు. గట్లు తీసేస్తే చాలు అన్న మాట మాత్రం నాకు సగమే అనిపిస్తుంది. గట్టు పోయినా బురదలో భాస్వరం అక్కడే ఉంటుంది, ఊళ్ళ మురుగు వస్తూనే ఉంటుంది.

హార్వర్డ్‌లో సరైన గుర్తింపు రాక 1940లో న్యూయార్క్ దగ్గర లెడర్లీ కంపెనీకి మారారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, దాన్నుంచి పుట్టిన కేన్సర్ మందు మెథోట్రెక్సేట్ అక్కడి పనే. మన జిల్లాలకి బాగా తెలిసింది 1947లో వచ్చిన హెట్రజాన్. బోదకాలు మందు. ఏటా ఇంటికొచ్చి ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్ర అదే. బోదకాలు పురుగుని మోసే క్యూలెక్స్ దోమ గుడ్లు పెట్టేది నిలవున్న మురుగు నీళ్ళలో. గోదావరి జిల్లాలు ఆ జబ్బుకి పేరుమోసినవే. మందు ఒక భీమవరం మనిషి లాబ్‌లోంచి వచ్చింది, మురుగు మాత్రం ఇంకా మన వీధుల్లోనే ఉంది.

చివరిది ఆరియోమైసిన్. ఆయన విభాగంలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన మిస్సోరీ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దీన్ని తీశారు. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. 1948లో లోకానికి చూపించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు నిద్రలో గుండె ఆగి పోయారు. అప్పటికి 53 ఏళ్ళు.

ఆయన పోయిన కొన్ని నెలలకి అదే కంపెనీలో స్టోక్‌స్టాడ్, జూక్స్ అనే ఇద్దరు, మందు తీసేశాక మిగిలిన పిప్పిని కోడిపిల్లలకి పెట్టి చూశారు. పిల్లలు మామూలు కన్నా త్వరగా పెరిగాయి. అలా ఫ్యాక్టరీ వ్యర్థం కోళ్ళ దాణాలోకి వెళ్ళి, యాంటీబయాటిక్ బరువు పెంచే మందయింది. యూరప్ 2006లో, అమెరికా 2017లో బరువు కోసం వాడటం ఆపించాయి. కోడి మింగిన టెట్రాసైక్లిన్‌లో చాలా భాగం అరగకుండా పెంటలోనే బయటికొస్తుంది. ఆ కోళ్ళ పెంటని మన వైపు చేపల చెరువులకి ఎరువుగా వేస్తారు. చెరువు నీళ్ళు కాలవలోకి, కాలవ కొల్లేటిలోకి. అక్కడి బ్యాక్టీరియా కొంచెం కొంచెంగా ఆ మందుకి అలవాటుపడుతుంది. రేపు మనకి జ్వరమొచ్చి అదే కుటుంబం మందు రాస్తే పనిచేయకపోవచ్చు.

1953లో హెసెల్‌టైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కొత్తగా దొరికిన ఒక బూజుకి సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని ఆయన పేరు పెట్టారు. అది దొరికింది ఒక మురుగు శుద్ధి ప్లాంటులో. అక్కడ మురుగునీళ్ళని రాళ్ళ గుట్ట మీంచి బొట్లుబొట్లుగా దిగేలా వదులుతారు. రాళ్ళకి పట్టిన జిగురులో ఉండే సూక్ష్మజీవులు ఆ మురికిని తినేస్తాయి. ఈ బూజు ఉండేది ఆ జిగురులోనే.