రబ్బరు విత్తుల దొర

బండి చక్రం మొదలు విమానపు చక్రం వరకు రబ్బరు లేనిదే నేటి నాగరికత ఒక్క అడుగు ముందుకు సాగదు. చెట్టు పాలనుండి తీసే సహజమైన రబ్బరు దాదాపు అంతా ఒకే జాతి చెట్టుది. ఆ చెట్టుకు పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాను అరణ్యం. మెట్టినిల్లు ఆసియా ఖండపు ఆగ్నేయ భాగం. అయితే ఈ పిల్లను పుట్టింటివారి నడిగి తెచ్చుకొన్నవారు లేరు. చీరసారెలు ఇచ్చిపుచ్చుకొన్న జాడయూ లేదు. తెచ్చినవాడు హెన్రీ వికమ్ అనే ఆంగ్లేయుడు. బ్రెజిల్ దేశంలో అతనికి దొంగ అని పేరు. ఇంగ్లండులో 'సర్' బిరుదు. ఒకే పనికి ఇంత భిన్నమైన రెండు తీర్పులు ఎట్లా వచ్చినవో తెలియాలంటే అతని జీవితాన్ని కొంత పరిశీలించవలె.

వికమ్ 1846 మే 29వ తేదీన లండను నగరంలోని హాంప్‌స్టెడ్‌లో జన్మించాడు. తండ్రి న్యాయవాది. కొడుకు నాలుగేండ్ల పసివాడై ఉండగానే ఆయన కలరా వ్యాధికి బలియైనాడు. తల్లి స్త్రీల టోపీల దుకాణం పెట్టి సంసారం నెట్టుకొని వచ్చినది. ఆ కాలంలో దొరసానుల టోపీలకు రంగురంగుల పక్షి ఈకలు అలంకారం. ఆ ఈకల కోసమే వికమ్ తన ఇరవయ్యవ యేట, 1866లో, మధ్య అమెరికాలోని నికరాగువా అడవులకు వెళ్లాడు. అడవిలో దొరికినది తెచ్చి అమ్ముకొనడం అతనికి ఆనాడే అలవడినది.

ఆ వ్యాపారం అచ్చిరాలేదు. తరువాత వెనిజులా దేశంలో ఒరినోకో నదీతీరాన రబ్బరు చెట్లకు గాట్లు పెట్టి పాలు తీసే పనిలో దిగాడు. అక్కడా జ్వరాలే మిగిలినవి. 1871లో భార్య వయొలెట్‌ను, తల్లిని, మరికొందరు బంధువులను వెంటబెట్టుకొని బ్రెజిల్‌లోని శాంతరేమ్ పట్టణ ప్రాంతానికి వ్యవసాయం చేయడానికి వెళ్లాడు. తల్లితో సహా వెంట వచ్చినవారిలో కొందరు అక్కడి మట్టిలోనే కలిసిపోయారు. పంట పండలేదు. ఐతే, 1872లో వెలువడిన అతని యాత్రా గ్రంథంలో స్వయంగా గీసిన రబ్బరు చెట్టు ఆకు, విత్తనాల బొమ్మ ఒకటి ఉన్నది. ఆ బొమ్మయే అతని జాతకాన్ని మార్చివేసినది.

అప్పటి ప్రపంచ పరిస్థితిని ఇక్కడ కొంచెం చెప్పవలసి ఉన్నది. అమెజాను ఆదివాసులకు ఈ చెట్టు పాలతో బంతులు, పాత్రలు, పాదరక్షలు చేయడం తరతరాలుగా తెలిసిన విద్య. 1839లో అమెరికా దేశీయుడు గుడ్‌యియర్ గంధకంతో కాచి రబ్బరును గట్టిపరచే పద్ధతి కనుగొనడంతో యంత్ర పరిశ్రమలన్నింటికీ అది అవసరమైనది. కాని దొరికే చోటు దట్టమైన అడవి. లండనులోని ఇండియా కార్యాలయ ఉద్యోగి క్లెమెంట్స్ మార్కమ్ అంతకు ముందే, 1860లో, కొయినా మందు నిచ్చే సింకోనా మొక్కలను ఆండీస్ కొండలనుండి మన నీలగిరులకు తెప్పించినవాడు. రబ్బరు విషయంలోనూ అట్లే చేయవలెనని అతని సంకల్పం. క్యూ ఉద్యానపు అధిపతి జోసెఫ్ హుకర్ దృష్టి వికమ్ మీద పడినది. వెయ్యి విత్తనాలకు పది పౌన్ల చొప్పున ధర నిర్ణయమైనది.

1876వ సంవత్సరంలో వికమ్ తపజోస్ నదీతీరాన బోయిమ్ గ్రామ పరిసరాల నుండి సుమారు 70,000 విత్తనాలు సేకరించాడు. మంచి చెట్లు ఎక్కడున్నవో ఎరిగినవారు ఆ ప్రాంతపు ఆదివాసులు. ఏరి తెచ్చినవారు వారు. విత్తనాలకు గాలి తగిలేటట్లు బుట్టలు అల్లినవారు వారి స్త్రీలు. రబ్బరు విత్తనంలో నూనె ఎక్కువ; కొద్ది వారాలలోనే మొలకెత్తే శక్తి నశిస్తుంది. అందుచేత అరటి ఆకుల మధ్య వాటిని పరచి, అమజోనాస్ అనే పొగ ఓడ నెక్కించాడు. పారా రేవులో సుంకపు అధికారులతో అవి రాణిగారి ఉద్యానానికి పోయే సున్నితమైన మొక్కల నమూనాలని చెప్పాడు. ఆ సరుకుతో ఇంగ్లండు ఏమి చేయనున్నదో చెప్పలేదు.

జూను నెల మధ్యకు విత్తనాలు క్యూ చేరినవి. మొలిచినవి సుమారు 2,700 మాత్రమే, అనగా నూటికి నాలుగు కూడ కాదు. వానిలో 1,900కు పైగా మొక్కలు ఆ సంవత్సరమే సింహళానికి వెళ్లినవి. మరుసటి యేడు సింగపూరుకు పోయినవి 22. చెట్టుకు హాని లేకుండా మళ్లీ మళ్లీ పాలు తీసే పద్ధతిని సింగపూరు ఉద్యానంలో హెన్రీ రిడ్లీ అభివృద్ధి చేశాడు. మలయాలో తోటలు వెలసినవి. తోటల రబ్బరు 1913–14 నాటికి అడవి రబ్బరును మించిపోయినది. రబ్బరు సంపదతో 1896లో మహా నాటకశాలను తెరచిన మనౌస్ నగరం వెలవెలపోయినది.

మరి వికమ్‌కు దక్కినదేమి? విత్తనాలకు 700 పౌన్ల పైచిల్లర. మొక్కల వెంట తనను కూడ ఆసియాకు పంపవలెనని కోరితే హుకర్ ఒప్పుకొనలేదు. ఆస్ట్రేలియాలో పొగాకు, బ్రిటిష్ హాండురాస్‌లో తోట, న్యూగినీ దగ్గరి దీవులలో కొబ్బరి—పట్టినదల్లా చేజారినది. సహనం నశించి భార్య విడిచిపోయినది. 1911లో తోటల యజమానుల సంఘం అతనికి సన్మానం చేసి భృతి ఏర్పాటు చేసినది. 1920లో 'సర్' బిరుదు వచ్చినది. 1928 సెప్టెంబరు 27న లండనులో కన్నుమూశాడు. ఆ యేడే మోటారు కార్ల అధిపతి హెన్రీ ఫోర్డు అదే తపజోస్ ఒడ్డున రబ్బరు తోట ప్రారంభించడం విధి వైచిత్ర్యం. ఆకు తెగులు ఆ తోటను సాగనీయలేదు. 1945లో దానిని బ్రెజిల్ ప్రభుత్వానికి తిరిగి అమ్మివేశారు.

ఇంతకూ వికమ్ దొంగయేనా? విత్తనాల ఎగుమతిని నిషేధించే శాసనం ఆనాడు బ్రెజిల్‌లో లేదని పరిశోధకులు తేల్చారు. ప్రమాదాలను దాటి తెచ్చినట్లు అతడే వృద్ధాప్యంలో కథను పెంచి చెప్పుకొన్నాడు. మొక్కలు దేశాలు దాటడమూ కొత్త కాదు. బ్రెజిల్ కాఫీ పుట్టినది ఆఫ్రికాలో. మన గుంటూరు మిరప పూర్వికులు అమెరికా ఖండంలో. అదీ గాక, విత్తనం ఒక్కటే సంపద కాదు; రిడ్లీ వంటివారి కృషి, తోట కూలీల చెమట కలిసి అది సంపద అయినది. ఇవన్నీ నిజమే. కాని అడగలేదు, చెప్పలేదు, పంచలేదు అన్న మూడు మాటలకు వీటిలో ఏదీ సమాధానం కాదు. వికమ్ పేరు చరిత్రకెక్కినది. చెట్టును చూపినవారి పేరు ఒక్కటీ మిగలలేదు.

ఈ లోటు పూడ్చడానికి లోకానికి నూరేండ్లకు పైగా పట్టినది. 1992లో బ్రెజిల్ దేశపు రియో నగరంలోనే జీవవైవిధ్య ఒడంబడిక సంతకాలకు వచ్చినది. ఏ దేశపు జీవసంపదపై ఆ దేశానికే సర్వాధికారమని అది గుర్తించినది. 2010లో జపానులోని నగోయాలో కుదిరిన ఒప్పందం 2014లో అమలులోకి వచ్చినది. తీసుకొనబోయే ముందు సమ్మతి పొందవలె, ఉభయులూ అంగీకరించిన షరతుల ప్రకారం లాభం పంచవలె—ఇదే దాని సారం. ఆ ఒడంబడిక దేశాలు 2012 అక్టోబరులో మన హైదరాబాదులో సమావేశమైనవి. మన దేశంలో 2002 నాటి చట్టం ననుసరించి విదేశీయులు ఇక్కడి జీవవనరులను పరిశోధనకో వ్యాపారానికో తీసుకొనాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావలె. ఈ చట్టం కిందనే, నేడు వనపర్తి జిల్లాలో ఉన్న అమరచింత నుండి రెండు వేల కిలోల వేపాకు జపానుకు ఎగుమతి కాగా, వచ్చిన 55 వేల పైచిలుకు రూపాయలు ఆ గ్రామపు జీవవైవిధ్య కమిటీకి చేరినవి. మొత్తం చిన్నది, కాని ఆకు ఏ ఊరిదో ఆ ఊరు లెక్కలోకి వచ్చినది.

అడిగి తీసుకొంటే శాస్త్రం కుంటుపడుతుందని కొందరి భయం. దీనికి రబ్బరు చెట్టే జవాబు చెప్పినది. ఆసియా తోటలు ప్రధానంగా వికమ్ తెచ్చిన కొద్దిపాటి మొక్కల సంతానం కావడంతో తెగుళ్లను తట్టుకొనే కొత్త రకాలకు మూలాలు చాలలేదు. 1981లో అంతర్జాతీయ పరిశోధకులు మళ్లీ అమెజానుకు వెళ్లారు. ఈసారి బ్రెజిల్ ప్రభుత్వ సమ్మతితో, ఆ దేశపు శాస్త్రజ్ఞులతో కలిసి. సేకరించిన విత్తనాలలో సగం బ్రెజిల్‌లోనే నిలిచినవి. మిగిలినవి మలేషియాకు, ఐవరీ కోస్టుకు వెళ్లినవి. అదే చెట్టు, అదే అడవి. 1876లో సుంకపు అధికారికి సగం మాటతో సరిపెట్టిన పని 105 ఏండ్ల తరువాత ఇరుపక్షాలు కూర్చుండి చేసుకొన్న ఏర్పాటుతో జరిగినది. వికమ్ కథను తరగతిలో చెప్పే ఉపాధ్యాయులు ఈ రెండవ ప్రయాణాన్ని కూడ కలిపి చెప్పినప్పుడే ఆ పాఠం పూర్తి అవుతుంది.