చలిజరమూ, దోమా, సికింద్రాబాదు డాక్టరూ

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు పల్లెల్లో వానాకాలం నాట్లు పడ్డాయంటే వెనకనే జరాలు మొదలవుతాయి. ఎందుకొచ్చిందని అడిగితే తలా ఒక కారణం చెబుతారు. వానలో తడిసినందుకని ఒకరు, కొత్త నీళ్లు తాగినందుకని ఒకరు, రాత్రి గాలి తగిలిందని ఒకరు, పోచమ్మకు బోనం తప్పిందని మరొకరు. ఇవన్నీ ఉత్త మూర్ఖపు మాటలని మేము కొట్టిపారెయ్యం. వానా, కొత్తనీరూ, జరమూ కలిసి వస్తున్న మాట నిజమే. కానీ రెండు సంగతులు కలిసి వచ్చినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోతుందా? ఈ చిక్కు విప్పడానికి మన సికింద్రాబాదులోనే తంటాలు పడ్డ ఒక డాక్టరు కథ చెప్పుకుందాం.

ఆయన పేరు రోనాల్డ్ రాస్. 1857 మే 13న అల్మోరాలో పుట్టాడు. మీరట్ సిపాయిలు తిరగబడి అప్పటికి మూడు రోజులే. తండ్రి తెల్లదొరల సైన్యంలో పెద్ద అధికారి. కొడుక్కి కవిత్వం మీదా బొమ్మల మీదా మనసు. తండ్రి మాత్రం వైద్యంలోకి నెట్టాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. ఆ కొలువు ముఖ్యంగా సైన్యం కోసం పెట్టింది, పల్లె జనం కోసం కాదు. ఈ సంగతి దాచి ఆయన్ని దేవుణ్ణి చెయ్యడం మా ఉద్దేశం కాదు.

ఆ కాలంలో చలిజరం చెడు గాలి వల్ల వస్తుందని పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మేవారు. మలేరియా అనే ఇటలీ మాటకు అర్థమే చెడు గాలి. చిత్తడి నేలలున్న చోట జరాలుండేవి, అక్కడ రాత్రి గాలి ముక్కు పగిలేలా ఉండేది. కాబట్టి గాలిదే తప్పన్నారు. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక డాక్టరు రోగి నెత్తురులో సూక్ష్మజీవిని చూశాడు. అది మనిషిలోకి ఎట్లా చేరుతోందో మాత్రం తేలలేదు. దోమలో దానికి చోటుండవచ్చునని లండనులో మాన్సన్ అనే డాక్టరు 1894లో రాస్‌కు చెప్పాడు. దోమ నీళ్లలో పడి చస్తే, ఆ నీళ్లు తాగినవాడికి జరం వస్తుందేమోనన్నది మాన్సన్ ఊహ.

1895లో రాస్ సికింద్రాబాదు వచ్చాడు. రోగిని కుట్టిన దోమలు చచ్చిన నీళ్లను లక్ష్మణ్ అనే పనివాడి చేత తాగించాడు. కొన్నాళ్లకు అతనికి జరం వచ్చింది. ఇంకేం, రుజువైపోయిందని సంబరపడవలసిందే. కానీ అతని నెత్తురులో ఆ జీవి కనపడలేదు. తర్వాత తాగిన వాళ్లలో ఎక్కువమందికి ఏమీ కాలేదు. నీళ్లు తాగాక జరం వచ్చింది గానీ, నీళ్ల వల్ల రాలేదన్నమాట. డాక్టరు తన ఊహను పట్టుకు వేలాడలేదు, అది మెచ్చదగిన గుణం. కూలివాడి ఒంటిమీద అట్లాంటి పరీక్ష చెయ్యడం మాత్రం మెచ్చదగింది కాదు.

రెండేళ్లు వందల దోమలను కోసి చూసినా ఫలితం లేదు. చూసినవన్నీ మనిషి మలేరియాను మొయ్యని జాతులు. 1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు చేతికొచ్చాయి. వాటిని హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టనిచ్చారు, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడ మీద ఆ జీవి పెరుగుతూ కనిపించింది. అందుకే ఆ రోజును ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం నేటికీ ఆయన పేరుతోనే ఉంది.

ఇంతటితో అంతా తేలిపోలేదు. దోమలో జీవి ఉన్నంత మాత్రాన దోమకాటుతోనే జరం వస్తుందని తేలదు గదా! 1898లో కలకత్తాలో రాస్ పిట్టల మీద ప్రయత్నించాడు. జబ్బు పిట్టను కుట్టిన దోమల చేత మంచి పిట్టలను కుట్టిస్తే వాటికీ జబ్బు వచ్చింది. ఆ ఏడాదే ఇటలీ డాక్టర్లు మనుషుల విషయంలోనూ దాన్ని రుజువు చేశారు. 1900లో రోము దగ్గర జరాల మాగాణిలో కొందరు డాక్టర్లు జాలీ కట్టిన గుడిసెలో సీజనంతా రాత్రులు గడిపారు. అదే గాలి పీల్చారు, జరం రాలేదు. రోము నుంచి దోమలను లండనుకు పంపిస్తే, మాన్సన్ తన కొడుకునే కుట్టించాడు. అతనికి జరం వచ్చింది. గాలి ఉండి దోమ లేకపోతే జరం లేదు. దోమ ఉండి ఆ గాలి లేకపోయినా జరం ఉంది. కారణాన్ని తేల్చడమంటే ఇదీ!

1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. హుస్సేన్ ఖాన్‌కు దక్కింది అణాలే. కలకత్తాలో దోమలు పట్టి సాయపడ్డ మహమ్మద్ బక్స్ పేరు నేడు ఎందరికి తెలుసు? ఆ తర్వాత రాస్ దేశదేశాలు తిరిగి, మందుతోపాటు దోమ పుట్టే నీటిమడుగులనూ చూడాలని పోరాడాడు. 1932 సెప్టెంబరు 16న లండనులో చనిపోయాడు.

ఇదంతా కూలి జనానికి ఎందుకంటారా? కారణం తప్పుగా పడితే నష్టపోయేది మనమే. ప్రాజెక్టు నీళ్లు జరం తెస్తున్నాయంటే నీళ్లు వద్దనుకోవాలా? నిజాంసాగర్, పోచారం నీళ్లు మన బువ్వ. తప్పు పారే నీటిది కాదు, తూము పక్కనా కాలువ గండి దగ్గరా నిలిచే మడుగుది. పూడిక తీస్తే, మడిని ఆరబెట్టి తడిపితే పంటా ఉంటుంది, దోమా తగ్గుతుంది. ఒక రకం మలేరియా రోజు మార్చి రోజు వస్తుంది. ఇవాళ సూది వేయించుకుంటే రేపు ఎట్లాగూ జరం ఉండదు. అది సూది మహిమనుకుని రెండు రోజుల కూలి సమర్పించుకుంటాం. తాయెత్తు సంగతీ అంతే.

కాబట్టి ఎవరేం చెప్పినా మూడు మాటలు అడగండి. ఆ పని చేసినా జరం రానివాళ్లు లేరా? చెయ్యకపోయినా వచ్చినవాళ్లు లేరా? దాన్ని తీసేస్తే జరం ఆగుతుందా? జరమొస్తే ముందు సర్కారు దవాఖానలో నెత్తురు పరీక్ష అడగండి.

ఇక కూలివాడల మురికి వల్లే జరాలంటారు కొందరు పెద్దలు. దేశంలో మలేరియా కేసులు 1965లో సుమారు లక్షకు దిగి, 1976 నాటికి 64 లక్షలు దాటాయి. పదకొండేళ్లలో పేదల మురికి అరవై రెట్లు పెరిగిందా? దోమలు మందుకు లొంగకుండా పోయాయి, సర్కారు నిఘా సడలింది. మలేరియా మునుపటంత లేకపోయినా డెంగీ వచ్చి కూర్చుంది. దాని దోమ గోలెంలోని మంచినీళ్లలోనే పుట్టి పగలే కుడుతుంది. వారానికోసారి గోలెం కడిగి ఆరబెట్టడం మన పని. మోరీలు కట్టించడం, మందు కొట్టించడం, దవాఖానలో డాక్టరును ఉంచడం సర్కారు పని. మన పని మనం చేద్దాం, వాళ్ల పని వాళ్లచేత చేయిద్దాం.