సయ్యద్ అబ్దుల్ రహీముగారు

2024వ సంవత్సరమున వెలువడిన ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము మూలమున మన విద్యార్థులలో పెక్కండ్రు రహీముగారి పేరు విని యున్నారు. జకార్తా నగరమున వారి శిష్యులు బంగారు పతకము గెలిచిన సంగతియు నెరుగుదురు. కాని ఆయన మొదట బడి పంతులు. మన బోటి పాఠశాలలకు కావలసిన కథ అచ్చటనే యున్నదని మా తలంపు.

రహీముగారు 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదునందు జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టభద్రులైరి. అచ్చటి ఫుట్‌బాల్ జట్టున ఆడిరి. పిమ్మట ఉపాధ్యాయ వృత్తి నవలంబించి, కాచిగూడ మాధ్యమిక పాఠశాల యందును, ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ పాఠశాలల యందును పనిచేసిరి. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందిన తరువాత దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో ఆటల భారము వారిపై పడెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా ఎన్నికై, జీవితాంతము ఆ పదవిని నిర్వహించిరి.

ఆ దినములలో బంతిని కాలియొద్దనే నిలుపుకొని ముగ్గురు నలుగురిని తప్పించుకొనిపోవు ఆటగానికే చప్పట్లు మ్రోగెడివి. పిల్లలు పెద్దలను చూచి నేర్తురు గదా! ఒక్క గడుసు బాలుడు ఆడుచుండగా తక్కిన పదిమందియు వట్టి చేతులతో, వట్టి కాళ్లతో నిలుచుండి చూతురు. మందలించినచో రెండు దినములు మాని మూడవనాడు మరల మొదలిడుదురు. రహీముగారు దీనికి చక్కని యుపాయము కనిపెట్టిరి. డ్రిబ్లింగు లేని పోటీలను ఏర్పాటు చేసిరి. బంతి తన్ను జేరినంతనే తోటివానికి పంపవలెనేగాని దానిని వెంటబెట్టుకొని పోరాదు. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను గూడ నడపిరి. కుడికాలితో గొప్పగా ఆడు బాలుడు ఎడమకాలితో తడబడవలసినదే. అట్టి పోటీలో గొప్పవానికిని సామాన్యునికిని గల యంతరము చాలవరకు తగ్గిపోవును. గొప్పవాడు క్రొత్త విద్య నేర్చును, సామాన్యునకు బంతి దొరకును. ఎవరిని మందలించు పనియు లేదు, నియమమే గురువు.

ఇట్టి యుక్తి బాస్కెట్‌బాల్ పుట్టుకలోనే కలదు. 1891వ సంవత్సరమున అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు ఆ యాటను కల్పించినపుడు, బంతి పట్టినవాడు పరుగెత్తరాదని, పట్టిన చోటునుండియే విసరవలెనని నియమించెను. బంతిని నేలపై కొట్టుచు ముందుకు సాగుట తరువాత వచ్చినది. మన చిన్న తరగతుల పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడునపుడు మేము చూచుచునే యుందుము. ఎత్తరి యొక్కడు బంతిని వదలడు. గట్టుపై నిలిచిన తల్లిదండ్రులు తమ బిడ్డనే వేయుమని కేకలు పెట్టుదురు. బంతి యొక్కసారియైన చేత తగులని పసివాడు మరుసటి వారము కడుపునొప్పి యని యింట నిలుచును. నెలకొక శనివారము రహీముగారి పద్ధతి నడిపి చూడవలసినదని మా ఉపాధ్యాయ మిత్రులను కోరుచున్నాము. ఆనాడు ఏ జట్టు గెలిచినదో వ్రాసిపెట్టుకొన నక్కరలేదు.

రహీముగారి చూపు పేదపిల్లలను విడిచిపోలేదు. తూంకుంటనుండి హకీంపేట క్రీడా పాఠశాల మీదుగా సికింద్రాబాదునకు పోవు మనకు అమ్ముగూడ దూరపు ఊరు గాదు. ఆ యూరివాడే తులసీదాస్ బలరాం, 1936లో జన్మించినవాడు. సికింద్రాబాదున అతని యాట చూచి రహీముగారు హైదరాబాదు జట్టు ఎంపికకు రమ్మనిరి. నగరమునకు వచ్చిపోవుటకు ఆ కుఱ్ఱవాని కడ డబ్బు లేదు. రహీముగారు అద్దె సైకిలునకు పైకమిచ్చి రప్పించిరి. 1956లో ఇరువది యేండ్ల ప్రాయమున బలరాం మెల్బోర్న్ ఒలింపిక్సునకు వెళ్లెను. ఆ సైకిలు అద్దె సమకూరకున్నచో దేశము ఒక మేటి ఆటగానిని కోల్పోయి యుండెడిది. అతడు 2023లో మరణించెను.

1950లో రహీముగారు హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో వారి శిక్షణలో భారత జట్టు ఇరానును ఒక గోలుతో ఓడించి బంగారు పతకము గైకొనెను. మరుసటి యేడు హెల్సింకిలో యుగోస్లావియా మనలను 10-1 తేడాతో ఓడించినది. మనవారిలో పెక్కండ్రు ఉత్త పాదములతో ఆడిరి. ఆ యోటమి పిమ్మట బూట్లు తప్పనిసరి యయ్యెను. 1956లో మెల్బోర్న్‌నందు ఆస్ట్రేలియాను 4-2 తో ఓడించి మన జట్టు నాలుగవ స్థానము పొందినది. ఆ యేడును మరుసటి యేడును సంతోష్ ట్రోఫీ హైదరాబాదునకే దక్కెను.

1962లో జకార్తాకు బయలుదేరునాటికి క్యాన్సరు రహీముగారి దేహమున ప్రవేశించి యుండెను. మొదటి యాటలోనే దక్షిణ కొరియా మనలను రెండు గోళ్లతో ఓడించెను. థాయిలాండుతో ఆడుచుండగా జర్నయిల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. రక్షణ పంక్తిలోని ఆ యాటగానిని రహీముగారు సెమీఫైనలునందును ఫైనలునందును ముందుపంక్తిలో నిలిపిరి; రెంటను అతడు గోలు చేసెను. సెప్టెంబరు 4వ తేదీన సుమారు లక్షమంది ప్రేక్షకులు మనవారికి ఎదురై అరచుచుండగా, మొదట ఓడించిన కొరియానే 2-1 తో గెలిచితిమి. మొదటి గోలు పి.కె. బెనర్జీది. అమ్ముగూడ బలరాం ఆ జట్టున కలడు. హైదరాబాదు యూసుఫ్ ఖానును కలడు.

తిరిగి వచ్చిన పిదప వ్యాధి ముదిరెను. 1963 జూన్ 11వ తేదీన, ఏబది మూడేండ్ల వయస్సున, రహీముగారు మరణించిరి. వారి కుమారుడు హకీము 1960లో రోము ఒలింపిక్ జట్టున సభ్యుడై, పిదప శిక్షకుడుగాను అంతర్జాతీయ రిఫరీగాను ప్రసిద్ధి కెక్కెను. భారత ఫుట్‌బాల్ జట్టునకు ఆసియా క్రీడలలో బంగారు పతకము మరల రాలేదు. 1970లో బాంకాకునందు కాంస్యము లభించినది.