ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం

హైదరాబాదు నగర చరిత్రను చెప్పుకొనేటప్పుడు పాలకులను, కవులను, కట్టడాలను స్మరించడం మనకు పరిపాటి. ఈ నగరంలోని ఒక బడిపంతులు భారత ఫుట్‌బాల్‌ను ఆసియా ఖండంలో అగ్రస్థానంలో నిలిపిన సంగతి మాత్రం మన విద్యార్థులలో పలువురికి తెలియదు. ఆ లోటు తీర్చవలెననియే మేము ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులైన పిమ్మట కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. 1943 నుండి తుదిశ్వాస వరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. వృత్తి మారినా ఆయనలోని ఉపాధ్యాయుడు మారలేదు. బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనని నియమం పెట్టి బాలురకు పోటీలు నడిపారు. బంతిని తన వద్దనే ఉంచుకొని మెప్పు పొందడం కంటె, తగిన క్షణంలో తోటివానికి అందించడమే గొప్పయని బోధించారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది.

భారత జట్టుకు శిక్షకులై 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకం సాధించిపెట్టారు. మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10–1 గోల్స్‌తో ఘోరపరాజయం ఎదురైనది. మన ఆటగాండ్రలో అధికులు ఆనాడు బూట్లు లేకుండానే ఆడారు. ఆ ఓటమి నుండి ఆయన పాఠం నేర్చుకొన్నారు. 1956లో మెల్‌బోర్న్‌లో అదే భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాల్గవ స్థానం పొందినది.

ఆయన జీవితానికి శిఖరం 1962 నాటి జకార్తా ఆసియా క్రీడలు. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిపోయాము. థాయిలాండుతో జరిగిన ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. జర్నైల్ రక్షణ శ్రేణి ఆటగాడు. తలకు కట్టుతో ఉన్న అతనిని రహీం సాహెబు సాహసించి ముందు వరుసలో నిలిపారు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను క్రీడలకు రానీయకపోవడాన్ని భారతీయ క్రీడాధికారి ఒకరు ఆక్షేపించినందున అక్కడి ప్రజలు మనవారిపై ఆగ్రహించి ఉన్నారు. సెప్టెంబరు 4న ఫైనల్ నాడు క్రీడాంగణమంతా మన జట్టును గేలిచేసినది. ఎదుట నిలిచినది మునుపు ఓడించిన కొరియాయే. అయినను పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు చేశారు. జ్వరం నుండి తేరుకొన్న పీటర్ తంగరాజ్ గోలు వద్ద కాపు కాచాడు. చునీ గోస్వామి నాయకత్వంలో భారత్ 2–1తో స్వర్ణం గెలిచినది. మన సికిందరాబాదు బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఆ జట్టులోనివారే.

హిందువు, ముస్లిం, సిక్కు, క్రైస్తవుడు ఒకే బంతి వెంట ఒకే మనసుతో పరుగెత్తిన దృశ్యమది. ఐకమత్యాన్ని గురించి మేము తరగతిలో ఎంత బోధించినా ఆ గంటన్నర ఆటకు సాటిరాదు.

ఆ విజయం తరువాత తొమ్మిది నెలలు దాటిన కొద్ది దినాలకే, 1963 జూన్ 11న, రహీం సాహెబు కాన్సరు వ్యాధితో కన్నుమూశారు. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారం 1985లో ఏర్పడేనాటికి ఆయన గతించి ఇరువది రెండేండ్లు. 2024లో వచ్చిన ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వలన ఆయన పేరు మరల వినిపించినది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మాత్రం 1962 తరువాత మన దేశానికి తిరిగి రాలేదు.

విద్యార్థులారా! రహీం సాహెబు ఏ ఆటలోను తాము గోలు చేసి పతకం అందుకొన్నవారు కారు. ఇతరులచేత చేయించినవారు. గురువు కీర్తి శిష్యుల కాళ్ళలో ఉంటుందని ఆయన జీవితం చాటుచున్నది. కళాశాల మైదానంలో మీరు బంతిని తోటివానికి అందించిన ప్రతిసారి ఆ పంతులుగారికి నివాళి అర్పించినట్లేనని మేము భావిస్తున్నాము.