నర్మద ఒడ్డున ఆగిన ఓరుగల్లు రాజు

నాలుగో తరగతిలో శివాజీ మహారాజ్ చరిత్ర చదివిన మన పిల్లలకు రాయగఢ్ తెలుసు. 1680లో మహారాజ్ అక్కడే కన్నుమూశారనీ తెలుసు. ఇంట్లో తాతలు చెప్పే ఓరుగల్లు మాట కూడా వాళ్ల చెవిన పడుతూనే ఉంటుంది. కామాఠిపురా గల్లీల్లో, వర్లీ చాళ్లలో ఉండే మనవాళ్లలో చాలామందికి సొంతూరు తెలంగాణ జిల్లాల్లోనే కదా. అందుకే ఆరు, ఏడు తరగతులకు వచ్చేసరికి ఎవరో ఒకరు అడుగుతారు, మన ఓరుగల్లు రాజు ఎలా చనిపోయాడని.

మొదట్లో ఆ ప్రశ్నకు నేను సగం జవాబే చెప్పేవాణ్ని. ఢిల్లీ సైన్యం వచ్చింది, కోట పడింది, 1323లో కాకతీయుల పాలన ముగిసింది అని చెప్పి పుస్తకం మూసేవాణ్ని. ఒక ఏడాది ఒక అమ్మాయి మాత్రం వదలలేదు. కోట సంగతి సరే, రాజు ఏమయ్యాడని నిలదీసింది. ఆ పిల్లకు పూర్తి జవాబు చెప్పాలంటే ప్రతాపరుద్రుడి జీవితమంతా చెప్పాల్సి వచ్చింది.

అమ్మమ్మ అప్పగించిన రాజ్యం

ప్రతాపరుద్రుడు రుద్రమదేవి కూతురు ముమ్మడమ్మ కొడుకు. రుద్రమకు మగపిల్లలు లేరు. మనవణ్నే దత్తత తీసుకుని, రాజ్యం నడిపే విద్య నేర్పించింది.

ఆమె ఎలా పోయిందో కూడా చాలాకాలం స్పష్టంగా తెలియలేదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన రాతి శాసనం ఆ లోటు కొంత తీర్చింది. 1289 నవంబరులో పువ్వుల ముమ్మడి అనే అతను, కన్నుమూసిన రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని గుడికి భూమి ఇచ్చి, ఆ సంగతి రాతిపై చెక్కించాడు. కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులో ఆమె ప్రాణాలు విడిచి ఉంటుందని చరిత్రకారులు దాన్నిబట్టే అంటున్నారు. అంతటి మహారాణి చివరి కబురు మనదాకా చేరింది ఆమె దగ్గర పనిచేసిన ఒక బంటు వల్ల.

అదే ఏడాది ప్రతాపరుద్రుడు సింహాసనం ఎక్కాడు. ముందుగా అంబదేవుణ్ని అణచివేశాడు. నాయకులకు ఊళ్లు అప్పగించి, బదులుగా సైన్యాన్ని పోషించే బాధ్యత పెట్టాడు. నేటి రాయలసీమ ప్రాంతంలో అడవులు కొట్టించి ఊళ్లు కట్టించాడని అక్కడి కైఫీయతులు చెబుతాయి. ఆయన సేనాని ముప్పిడి నాయకుడు కంచిదాకా వెళ్లి గెలిచాడు. ఆయన కొలువులోనే విద్యానాథుడు ప్రతాపరుద్ర యశోభూషణం అనే అలంకార గ్రంథాన్ని సంస్కృతంలో రాశాడు.

బొమ్మ మెడలో గొలుసు

ఢిల్లీ నుంచి మొదటి దండు 1303లో వచ్చి ఓడి వెనక్కి పోయింది. రెండోసారి 1310లో మాలిక్ కాఫుర్ వచ్చాడు. ఓరుగల్లుకు బయట మట్టికోట, లోపల రాతికోట, రెండింటికీ కందకాలు. మట్టికోట పడిపోయాక రాజు సంధికి ఒప్పుకున్నాడు. ఢిల్లీ కొలువు కవి అమీర్ ఖుస్రో రాసినదాని ప్రకారం, ప్రతాపరుద్రుడు తన రూపంలో ఒక బంగారు బొమ్మ చేయించి, దాని మెడలో బంగారు గొలుసు వేసి, సేనాని దగ్గరికి పంపాడు. లొంగిపోయానని చెప్పే పద్ధతి అది. 100 ఏనుగులు, 7,000 గుర్రాలు కూడా ఇచ్చాడని బరనీ అనే చరిత్రకారుడు రాశాడు.

ఇక్కడికి వచ్చేసరికి తరగతిలో పిల్లల ముఖాలు చిన్నబోతాయి. లొంగిపోయిన రాజు వాళ్లకు నచ్చడు. అప్పుడు నేను బోర్డు మీద ఒక చిన్న తీసివేత వేయిస్తాను. 1323లోంచి 1310 తీసేస్తే ఎంత? 13. తల వంచిన తర్వాత పదమూడేళ్లు ఆయన రాజ్యం నిలిచింది. ఆ మధ్యకాలంలోనే ముప్పిడి నాయకుడు కంచి గెలిచాడు. ఢిల్లీ బలంగా ఉన్నప్పుడు కప్పం కట్టడం, బలహీనపడగానే ఆపేయడం, 1318లో మళ్లీ సైన్యం వస్తే మళ్లీ కట్టడం. జనాన్నీ కోటనూ కాపాడుకోవడానికి ఆయన ఎంచుకున్న దారి అది.

1320లో ఢిల్లీలో తుగ్లక్ వంశం వచ్చింది. మరుసటి ఏడు సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును చుట్టుముట్టాడు. ఇతనే తర్వాతి మహమ్మద్ బిన్ తుగ్లక్. ముట్టడి సాగుతుండగా ఢిల్లీలో సుల్తాను చనిపోయాడని పుకారు లేచింది. సైన్యం చెదిరిపోయింది. ఉలుగ్ ఖాన్ మన మహారాష్ట్రలోని దేవగిరికి వెనుదిరిగాడు. గండం గడిచిందని ఓరుగల్లు అనుకుంది. కానీ అతను కొత్త బలగంతో తిరిగి వచ్చాడు. అంత త్వరగా మళ్లీ ముట్టడి వస్తుందని అనుకోని కోట ఈసారి తట్టుకోలేకపోయింది. 1323లో ప్రతాపరుద్రుడు పట్టుబడ్డాడు. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. బొమ్మ మెడలో గొలుసు వేసి పంపిన పదమూడేళ్లకు రాజే బందీగా ఢిల్లీ దారి పట్టాడు.

ఒక చావు, నాలుగు మాటలు

ఆయన ఢిల్లీ చేరలేదు. బరనీ ఆయనను ఢిల్లీకి పంపారని రాశాడు. తర్వాతి తరం చరిత్రకారుడు అఫీఫ్, రాజు దారిలోనే చనిపోయాడని ఒక్క ముక్కలో ముగించాడు. వాళ్లకు అది దండయాత్ర లెక్కల్లో ఒక పద్దు మాత్రమే.

తెలుగు నేల మీద మాత్రం ఆ మాట అక్కడితో ఆగలేదు. కొన్నేళ్లకే ముసునూరి ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనం, బందీగా తీసుకుపోతుంటే నర్మదా నది ఒడ్డున రాజు ప్రాణం పోయిందని చెప్పింది. నూరేళ్ల తర్వాత, 1423లో రెడ్డిరాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం, ఆయన తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్లాడని చెప్పింది. బందీగా సుల్తాను ముందు నిలబడటం ఇష్టంలేక ప్రాణం తీసుకున్నాడని చరిత్రకారులు అర్థం చేసుకున్నది ఈ రెండింటినీ కలిపి చదివే. ఇంకా తర్వాత 16వ శతాబ్దంలో వచ్చిన ప్రతాపరుద్ర చరిత్రము రాజును చంపడానికే ఒప్పుకోలేదు. సుల్తాను తల్లి ఆయనలో దైవాన్ని చూసి విడిపించిందని కథ కట్టింది.

ఇలా జరగడం మనకొక్కరికే కాదు. క్రీ.శ. 260లో రోమ్ చక్రవర్తి వలేరియన్ పర్షియావాళ్లకు చిక్కాడు. పర్షియా రాజు షాపూర్ ఆ గెలుపును కొండరాతి మీద చెక్కించుకున్నాడు. తమ చక్రవర్తి వీపు మీద కాలు పెట్టి షాపూర్ గుర్రం ఎక్కేవాడని రోమన్ రచయితలు చెప్పుకున్నారు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ పడిపోయిన రోజున చివరి బైజాంటియం చక్రవర్తి పదకొండో కాన్‌స్టాంటిన్ పోరులో మరణించాడు. గ్రీకు జనం మాత్రం దేవదూత ఆయనను పాలరాతిగా మార్చి దాచిందని, ఏదో ఒకరోజు లేస్తాడని తరతరాలుగా చెప్పుకున్నారు. గెలిచినవాడు తన లెక్క రాసుకుంటాడు. ఓడినవాళ్లకు తమ మాట తమ దగ్గర ఉండాలంటే వాళ్లూ ఎక్కడో ఒకచోట రాసుకోవాలి.

పిల్లలకు ఎలా చెప్పాలి

తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు మూడు మాటలు.

మొదటిది, చిన్నపిల్లలకు బందీగా వెళ్తూ దారిలో చనిపోయాడని చెబితే చాలు. అది అబద్ధం కాదు. పై తరగతుల పిల్లలకు రెండు శాసనాలూ చెప్పండి. కానీ ప్రాణం తీసుకోవడమే పౌరుషమన్నట్టు మాత్రం చెప్పకండి. ఆయన ముత్తాత గణపతిదేవుడి కథ పక్కనే పెట్టండి. ఆయనా చిన్నతనంలో దేవగిరి యాదవులకు బందీగా చిక్కాడు. 1199లో విడుదలై వచ్చి అరవై ఏళ్లకు పైగా ఏలాడు. ఓటమి తర్వాత కూడా బతుకు ఉంటుందని పిల్లలకు తెలియాలి. పరీక్ష తప్పిన పిల్లవాడు కూడా ఆ తరగతిలోనే కూర్చుని వింటుంటాడని మరచిపోకూడదు.

రెండోది, దీన్ని రెండు మతాల తగవుగా చెప్పకండి. ప్రతాపరుద్రుడి కొలువులో పెద్ద పదవిలో ఉన్న ఒక తెలుగువాడు రాజు పోయాక ఇస్లాం పుచ్చుకున్నాడు. మాలిక్ మక్బూల్ అనే పేరుతో ఎదిగి, ఫిరోజ్ షా తుగ్లక్‌కు ప్రధానమంత్రి అయ్యాడు. గన్నమ నాయకుడు ఇతనేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఢిల్లీ నిజాముద్దీన్ ప్రాంతంలో ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. నాగ్‌పాడా పిల్లలతో కలిసి క్రికెట్ ఆడే మన పిల్లలకు ఈ సంగతి తెలియడం మంచిది.

మూడోది, ఎవరు ఏం రాశారో వేరుచేసి చెప్పండి. బరనీ ఏమన్నాడు, రాగిరేకు ఏమంది, కథ ఏమంది అని మూడు గడులు గీయిస్తే చాలు. చరిత్ర చదవడం పిల్లలకు అక్కడే మొదలవుతుంది.

ఆ అమ్మాయి ఆ రోజు మూడు గడులూ నింపి, నాలుగోది తనే గీసింది. మా తాత చెప్పింది అని పైన రాసి, ఆ గడి ఖాళీగా వదిలింది. మర్నాడు చూస్తే అది నిండి ఉంది. వాళ్ల తాత చిన్నప్పుడు ఓరుగల్లు కోట రాతి తోరణాల కింద మేకలు కాశాడట. రాజు గురించి అందులో ఒక్క ముక్క లేదు. అయినా ఆ గడిని నేను కొట్టేయలేదు. మన ఇళ్లలో అలాంటి గడులు ఎన్నో ఖాళీగా ఉన్నాయి. నింపగలిగిన పెద్దవాళ్లు ఉండగానే పిల్లలచేత తెలుగులో రాయించండి.

ముంబయి సెంట్రల్ నుంచి ఢిల్లీ వెళ్లే రైలు భరూచ్ దగ్గర నర్మద దాటుతుంది. ప్రతాపరుద్రుడు ఆగింది ఆ రేవు దగ్గరే కాకపోవచ్చు. నది మాత్రం అదే. ఈసారి అటు వెళ్తే పిల్లలను కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూపించండి.