ఏడవ సంఖ్య నాయుడుగారు

కొఠారి కనకయ్య నాయుడుగారి పూర్వులు కృష్ణా డెల్టాలోని బందరువారు. ఆయన మాత్రము 1895 అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించిరి. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేయగా ఆయన పేరు దేశమంతట మారుమ్రోగెను. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానమున భారతదేశపు తొలి టెస్టు ఆరంభమైనప్పుడు నాయకత్వము వహించినది ఆయనే. చేతికి గాయమైనను 40 పరుగులు చేసిరి; ఆ ఇన్నింగ్సులో జట్టున అదే అత్యధికము.

నాటి తెల్లచొక్కాలపై అంకెలు లేవు. టెస్టులలో అవి 2019లోగాని రాలేదు. ఆనాటి పదకొండుగురికి తరువాతి కాలమున ఇంగ్లీషు అక్షరక్రమమున టెస్టు సంఖ్యలు వేసిరి. ఒకటవది అమర్ సింగ్‌కు దక్కెను. నవ్లేకు తరువాత, నజీర్ ఆలీకి ముందు, నాయుడుగారికి ఏడు! అక్షరములకు నాయకుడెవరో తెలియదు గదా.

1953–54లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ పోటీలలో దిగినప్పుడు, అరువదేండ్లకు చేరువలో నుండియు, దానిని నడిపినది ఆయనే. 1967 నవంబరు 14న ఇండోరులో కన్నుమూసిరి.