కన్నతండ్రి పేరు, పెంచిన తండ్రి ప్రేమ

దైవప్రవక్త ముహమ్మద్ (స) సహచరులు వేల సంఖ్యలో ఉన్నారు. వారిలో దివ్యఖురాన్‌లో పేరుతో సహా ప్రస్తావించబడిన భాగ్యం ఒకే ఒక్కరికి దక్కింది. ఆయనే హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి). చిన్నతనంలో సంతలో అమ్ముడుపోయి, ప్రవక్త (స) ఇంట పెరిగి, ఆయన కుమారునిగా పేరు పొంది, ఆ పేరును దైవాజ్ఞకు తలవంచి తిరిగి ఇచ్చివేసిన మహనీయుడాయన. పరాయి బిడ్డను అక్కున చేర్చుకొని పెంచే ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవలసిన జీవితం ఆయనది.

జైద్ (రజి) కల్బ్ తెగకు చెందినవారు. తండ్రి పేరు హారిసా. తల్లి సుఅదా తై తెగ ఆడపడుచు. ఒకసారి ఆమె కొడుకును వెంటబెట్టుకొని పుట్టింటికి వెళ్ళింది. అప్పుడు బనూ ఖైన్ తెగ గుర్రపు రౌతులు ఆ ప్రాంతంపై దాడి చేసి, దొరికినదంతా దోచుకొన్నారు. దోచుకొన్న వాటిలో ఆ పిల్లవాడు కూడా ఉన్నాడు. అప్పటికి జైద్ వయసు ఎనిమిదేళ్ళ ప్రాయమని చరిత్రకారులు రాశారు. బాలుణ్ణి ఉకాజ్ సంతకు తీసుకువచ్చి అమ్మకానికి పెట్టారు. మక్కాకు చెందిన హకీమ్ బిన్ హిజామ్ తన మేనత్త ఖదీజా (రజి) కోసం 400 దిర్హములకు కొన్నారు. ముహమ్మద్ (స)తో వివాహమైన తర్వాత ఖదీజా (రజి) ఆ బాలుణ్ణి భర్తకు కానుకగా ఇచ్చారు. ఇదంతా ఆయనకు దైవదౌత్యం లభించక ముందు జరిగిన సంగతి.

అక్కడ కన్నతండ్రికి కంటిమీద కునుకు లేదు. బిడ్డ బతికున్నాడో లేదో తెలియదు. హారిసా ఆ బాధను కవితలుగా చెప్పుకొంటూ ఊరూరా వెతికించాడు. సంవత్సరాలు గడిచాయి. కల్బ్ తెగవారు కొందరు హజ్ కోసం మక్కాకు వచ్చి జైద్‌ను గుర్తుపట్టారు. తన కోసం దుఃఖపడవద్దని, తాను మంచివారి నీడలో ఉన్నానని జైద్ వారి ద్వారా ఇంటికి కబురు పంపారు. కబురు అందగానే హారిసా, ఆయన తమ్ముడు కఅబ్ విడుదల సొమ్ము వెంటబెట్టుకొని మక్కాకు బయలుదేరారు.

వారు ముహమ్మద్ (స)ను కలిసి, ఎంత సొమ్మైనా తీసుకొని తమ బిడ్డను తమకిమ్మని వేడుకొన్నారు. ఆయన బేరమాడలేదు. నిర్ణయాన్ని జైద్‌కే వదిలారు. వెళ్ళాలనుకొంటే పైసా ఇవ్వకుండానే తీసుకువెళ్ళవచ్చన్నారు. ఉండిపోతానంటే మాత్రం, తనను కోరుకొన్న వాణ్ణి తాను వదులుకోలేనన్నారు. జైద్‌ను పిలిపించారు. వచ్చినవారు ఎవరో ఆయన గుర్తుపట్టారు. అయినా ముహమ్మద్ (స) దగ్గరే ఉంటానన్నారు. స్వేచ్ఛను, కన్నవారిని కాదని బానిసత్వాన్ని కోరుకొంటావా అని తండ్రి, పినతండ్రి నివ్వెరపోయారు. ఈ మహనీయునిలో తాను చూసిన మంచితనం మరెవరి కోసమూ వదలలేనిదని జైద్ బదులిచ్చారు.

వెంటనే ముహమ్మద్ (స) జైద్‌ను కాబా గృహం పక్కనున్న హిజ్ర్ దగ్గరకు తీసుకువెళ్ళి, ఇతడు నా కుమారుడని, ఒకరికొకరం వారసులమని అందరి ముందు ప్రకటించారు. అది చూసి హారిసా మనసు కుదుటపడింది. తృప్తిగా ఇంటికి తిరిగి వెళ్ళాడు. ఆనాటి నుండి మక్కావాసులు ఆయనను జైద్ బిన్ ముహమ్మద్ అని పిలవసాగారు.

పెంచినవారు పొందగలిగిన ఆనందాల్లో ఇంతకన్నా పెద్దది ఏముంటుంది? అయితే ఆ ఆనందం బిడ్డను దాచిపెట్టినందువల్ల వచ్చింది కాదని గమనించాలి. కన్నతండ్రిని గుమ్మం నుంచే వెనక్కి పంపలేదు. బిడ్డను ఆయన ముందు నిలబెట్టి, తలుపు తెరిచి పెట్టారు. తలుపు తెరిచి ఉన్నా బిడ్డ వెళ్ళలేదు.

ఆ ఇల్లు పిల్లలతో కళకళలాడేది. సొంత కుమార్తెలు ఉన్నారు. ఖదీజా (రజి)కి పూర్వ భర్త వల్ల కలిగిన హింద్ కూడా ప్రవక్త (స) సంరక్షణలో పెరిగారు. కరవు రోజుల్లో అబూతాలిబ్ భారం తగ్గించేందుకు ఆయన కుమారుడు అలీ (రజి)ని తీసుకువచ్చి పెంచారు. ప్రవక్త (స) కూడా పుట్టకముందే తండ్రిని, ఆరేళ్ళ వయసులో తల్లిని కోల్పోయి, తాత దగ్గర, తర్వాత పెదనాన్న అబూతాలిబ్ దగ్గర పెరిగినవారే. అనాథ బిడ్డ మనసు ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

దైవదౌత్యం లభించినప్పుడు మొట్టమొదట విశ్వసించిన కొద్దిమందిలో ఖదీజా, అలీ, అబూబక్ర్ (రజి)లతో పాటు జైద్ (రజి) ఉన్నారు. ప్రవక్త (స)ను పసితనంలో ఎత్తి పెంచిన ఉమ్మె ఐమన్ (రజి)తో జైద్‌కు వివాహం జరిగింది. వారికి ఉసామా (రజి) జన్మించారు. ఖదీజా (రజి), అబూతాలిబ్ మరణించిన తర్వాత ప్రవక్త (స) తాయిఫ్ నగరానికి వెళ్ళినప్పుడు వెంట ఉన్నది జైద్ (రజి) ఒక్కరే. అక్కడి అల్లరి మూకలు రాళ్ళు రువ్వుతుంటే ఆయన తన శరీరాన్నే అడ్డుపెట్టి, తలకు గాయాలు తగిలించుకొన్నారు.

ఇక పరీక్ష సంగతి. మదీనాకు వలస వెళ్ళిన తర్వాత ప్రవక్త (స) తన మేనత్త కూతురు జైనబ్ బిన్తె జహష్ (రజి)ని జైద్‌కు ఇచ్చి పెళ్ళి చేశారు. ఆమె తల్లి ఖురైష్ వంశీయురాలు. ఆయన ఒకప్పటి బానిస. మనుషుల మధ్య ఎక్కువ తక్కువలు లేవని చూపిన వివాహమది. కాని భార్యాభర్తల మధ్య పొసగలేదు. భార్యను ఉంచుకొమ్మని, అల్లాహ్‌కు భయపడమని ప్రవక్త (స) నచ్చజెప్పారు. చివరికి జైద్ (రజి) విడాకులిచ్చారు. పెంపుడు కొడుకు కన్నకొడుకే అనుకొనే ఆనాటి ఆచారం ప్రకారం, అతడు విడిచిన స్త్రీని పెంచిన తండ్రి పెళ్ళాడటం నిషిద్ధం. ఆ ఆచారాన్ని తొలగించేందుకే అల్లాహ్ ఆజ్ఞ మేరకు ప్రవక్త (స) జైనబ్ (రజి)ని వివాహమాడారు. 33వ సూరా అహ్‌జాబ్ 37వ ఆయతులో జైద్ పేరు వచ్చింది ఈ సందర్భంలోనే.

అదే సూరా 5వ ఆయతులో పెంపుడు పిల్లలను వారి కన్నతండ్రుల పేర్లతోనే పిలవాలన్న ఆదేశం ఉంది. తండ్రులెవరో తెలియకపోతే వారు మీ ధార్మిక సోదరులు, మీ ఆప్తులు అని బోధించబడింది. ఆనాటి నుండి జైద్ బిన్ ముహమ్మద్ మళ్ళీ జైద్ బిన్ హారిసా అయ్యారు. ఎన్నో ఏళ్ళుగా మోసిన గౌరవమది. అలాంటి పేరును వదులుకోవడం ఎవరికైనా తేలిక కాదు. కాని కొడుకు కోసం ఎడారులు వెతికించిన హారిసా పేరు ఆ ఆజ్ఞతో కొడుకు పేరు పక్కకు తిరిగి వచ్చింది.

ఈ ఆజ్ఞ ఒక్క జైద్ ఇంటికే పరిమితం కాలేదు. అబూ హుజైఫా (రజి) పెంచుకొన్న సాలిమ్ (రజి) తండ్రి ఎవరో తెలియదు. అందువల్ల ఆయన అబూ హుజైఫా ఆప్తునిగా, మౌలాగా పిలవబడ్డారు. పిలుపు మారినా బంధం తెగలేదు. వారిద్దరూ యమామా యుద్ధంలో ఒకరి పక్కన ఒకరు పోరాడి అమరులయ్యారు.

జైద్ (రజి) విషయంలోనూ అంతే. పేరు మారింది గాని ప్రవక్త (స) హృదయంలో స్థానం మారలేదు. ఆయన ఉన్న ఏ సైనిక దళానికైనా ప్రవక్త (స) ఆయననే నాయకునిగా నియమించేవారని ఆయిషా (రజి) తెలిపారు. ఉసామా పసివాడుగా ఉన్నప్పుడు గడప తగిలి ముఖానికి గాయమైతే ప్రవక్త (స) స్వయంగా ఆ రక్తాన్ని శుభ్రం చేశారు. ఒక తొడపై ఉసామాను, మరో తొడపై తన మనవడు హసన్ (రజి)ను కూర్చోబెట్టుకొని ఇద్దరి కోసమూ ఒకే దుఆ చేసేవారు. ఉసామా నల్లగా, జైద్ తెల్లగా ఉండటం చూసి లోకులు సూటిపోటి మాటలన్నారు. ఒకనాడు పోలికలు చెప్పడంలో దిట్ట అయిన ముజజ్జిజ్, దుప్పటి కప్పుకొని నిద్రపోతున్న తండ్రీకొడుకుల పాదాలు మాత్రమే చూసి, ఈ పాదాలు ఒకే రక్తానివని తేల్చాడు. ప్రవక్త (స) ముఖం సంతోషంతో వెలిగిపోయింది.

హిజ్రీ 8వ సంవత్సరం, అంటే క్రీ.శ. 629లో, నేటి జోర్డాన్ దేశంలోని మూతాకు 3,000 మంది సైన్యం బయలుదేరింది. మొదటి సేనాని జైద్ (రజి). ధ్వజం చేతబట్టి పోరాడుతూ ఆయన అక్కడే అమరులయ్యారు. మదీనాలో ఆ వార్త చెబుతున్నప్పుడు ప్రవక్త (స) కళ్ళు చెమ్మగిల్లాయి. జైద్ కుమార్తె ఏడుస్తూ ఎదురురాగా ఆయన కూడా వెక్కివెక్కి ఏడ్చారు. ఇదేమిటని ఒక సహచరుడు అడిగితే, ఇది ప్రియమైన వాని కోసం పడే ఆరాటమని చెప్పారు.

మూడేళ్ళ తర్వాత, చివరి అస్వస్థత రోజుల్లో, ప్రవక్త (స) ఇంకా ఇరవై ఏళ్ళ ప్రాయమైనా దాటని ఉసామాను సేనానిగా నియమించారు. కొందరు సణిగితే, ఇతని తండ్రి కూడా ఆ పదవికి అర్హుడేనని గుర్తుచేశారు. ప్రవక్త (స) మరణానంతరం ఆ సైన్యాన్ని సాగనంపుతూ ఖలీఫా అబూబక్ర్ (రజి) కాలినడకన నడిచారు. ఉసామా గుర్రంపై ఉన్నారు.

నేడు మన ఇళ్ళల్లో పిల్లలు లేనివారు అన్న కొడుకునో, చెల్లెలి కూతురునో, ఏ అండా లేని పసిబిడ్డనో తెచ్చి పెంచుకొంటున్నారు. 1890 నాటి సంరక్షకుల చట్టం కింద సంరక్షకులుగా ఉండవచ్చు. కోరుకొన్నవారు బాలల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మార్గం ఏదైనా బిడ్డ పుట్టుక బిడ్డకు తెలియాలి. చాలామంది భయపడేది ఇక్కడే. నిజం తెలిస్తే తమను వదిలి వెళతాడేమోనని దాస్తారు. పెళ్ళి సంబంధాల వేళ, ఆస్తి తగాదాల వేళ ఆ నిజం పరాయివాళ్ళ నోట బయటపడుతుంది. అప్పుడు బిడ్డ పడే బాధ చెప్పనలవి కాదు. ఊహ తెలిసే వయసు నుంచే, మెల్లగా, ముద్దుగా పెంచినవారే చెప్పాలి.

వారసత్వం దక్కదని బాధపడనవసరం లేదు. బతికి ఉండగానే హిబా ఇవ్వవచ్చు. ఆస్తిలో మూడోవంతు వరకు వీలునామా రాయవచ్చు. రెండేళ్ళలోపు బిడ్డకు ఇంటి ఇల్లాలు పాలిస్తే పాల బంధుత్వం ఏర్పడి, పెద్దయ్యాక పర్దా చిక్కులు తొలగుతాయి. బిడ్డకు తండ్రి ఆస్తి ఏదైనా ఉంటే దాన్ని చెదరకుండా కాపాడి, యుక్తవయసు రాగానే అప్పగించాలి.

కన్నవారి పేరు బిడ్డ హక్కు. ఆ హక్కును కాపాడినందువల్ల పెంచినవారి ప్రేమకు లోటు రాదు. జైద్ (రజి) హారిసా కుమారునిగానే మూతాకు వెళ్ళారు. ఆయన కోసం మదీనాలో వెక్కివెక్కి ఏడ్చింది మాత్రం ఆయనను పెంచిన చేతులే.